పరీక్షలయ్యాక చేద్దాం

మా సర్జరీ డిపార్ట్‌మెంట్‌లో యోహాను అని ఒక వార్డు అటెండరు ఉన్నాడు. అతని దగ్గర అట్ట ఊడిపోయిన నోట్‌బుక్ ఒకటి ఉంది. నిండా పేర్లు, ఫోన్ నంబర్లు. చివరి సంవత్సరం పిల్లల పరీక్షలకు వారం ముందు అతను ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కరికే ఫోన్ కొడతాడు.

"థైరాయిడ్ అమ్మా, మంచిగున్నవా? గడ్డ గట్లనే ఉందా? ఉంటే మంచిదే. సోమవారం రావాలె."

"కాలు నరాల మల్లయ్యనా? తగ్గలేదు కద? సరే, రా మరి."

ఉంటే మంచిదే, తగ్గలేదు కద. బయటివాళ్ళు వింటే యోహానును కొట్టడానికి వస్తారు. మాకు అలవాటైపోయి చెవికి కూడా తగలదు.

డాక్టరీ చదివే పిల్లలకు చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. కాగితం మీద రాసేది కాదు. మంచం మీద ఒక మనిషి పడుకుని ఉంటాడు. ఆ మనిషిని పలకరించాలి, బాధేమిటో అడగాలి, చెయ్యి పెట్టి చూడాలి, ఏం రోగమో, ఏ ఆపరేషన్ చెయ్యాలో చెప్పాలి. దానికి రోగం స్పష్టంగా కనపడే మనుషులు కావాలి. ఆపరేషన్ చేసేస్తే ఇక చూపించడానికి ఏమీ మిగలదు. అందుకని తొందర లేని రోగాలున్న వాళ్ళను ఆపి పెడతాం. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం గుడ్డుతో భోజనం, రాను పోను బస్సు కిరాయి. వాళ్ళను పేషెంట్లని కూడా అనం, కేసులంటాం.

ఆ పుస్తకంలో మొదటి పేజీలో పైనుంచి రెండో పేరు హెర్నియా హన్మయ్యది. ఊరు తాండూరు. పన్నెండేళ్ళు ఆ పేరు అక్కడ ఉంది. ఈ మధ్యనే యోహాను దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ గీత ఎందుకు పడిందో చెప్పాలని రాస్తున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. పిల్లలు నా వెనక నన్ను మిరపకాయ మేడం అంటారని తెలుసు. ఎదుటివాళ్ళ తప్పు కనపడితే ఊరుకునే మనిషిని కాదు. ఇందులో తప్పు నాది కూడా కాబట్టి నన్ను కూడా వదిలిపెట్టే పని లేదు.

హన్మయ్యకు పదహారేళ్ళప్పటి నుంచి బండల పనే. ముందు గనిలో, తర్వాత పాలిషింగ్ యూనిట్‌లో. తాండూరు బండ చూడటానికి పలచగా ఉంటుంది గానీ తడిసిన బండను ఇద్దరు పట్టుకుని లేపితే తెలుస్తుంది దాని బరువు. మాదీ తాండూరే. మా అబ్బా, అంటే నాన్న, అజహరుద్దీన్ లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తాగా చేసేవాడు. చిన్నప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి పోతే ఆ యూనిట్ల ముందు మనుషులు తల నుంచి కాలి దాకా బూడిదరంగులో ఉండేవాళ్ళు. ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేదాన్ని. వాళ్ళలో హన్మయ్య కూడా ఉండి ఉంటాడు.

యాభై ఏళ్ళు దాటాక ఒకరోజు బండ లేపుతుంటే కుడి గజ్జల్లో ఏదో జారినట్టైంది. సాయంత్రానికి నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది, నిలబడి దగ్గితే మళ్ళీ దిగేది. బండల దుమ్ముకు దగ్గు ఎటూ ఉండేది. పాసింజరు రైలెక్కి మా దవాఖానకు వచ్చాడు. అప్పటి మా పెద్దసారు చెయ్యి పెట్టి చూస్తే ఆయన మొహం వెలిగిపోయిందట. పాఠ్యపుస్తకంలో రాసినట్టే ఉంది హెర్నియా, పక్క వారమే పరీక్షలు.

"హన్మయ్యా, దీనికి ఆపరేషన్ చెయ్యాలె. పరీక్షలయ్యాక చేద్దాం" అన్నాడు.

ఆ మాట మొదటిసారి అప్పుడు పడింది. మా దగ్గర ఏడాదికి పరీక్షలు రెండుసార్లు. ఒకటి అందరికీ, ఇంకోటి తప్పినవాళ్ళకు. అందుకే హన్మయ్య ఆపరేషన్‌కు ముందు ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష ఉండేది. ఒకసారి పరీక్షలయ్యాక థియేటర్ మరమ్మతు అన్నారు. ఇంకోసారి ఛాతీలో బండల దుమ్ము చేరింది, ముందు దగ్గు తగ్గాలని మత్తు డాక్టరు తిప్పి పంపాడు. రెండుసార్లు హన్మయ్యే తారీఖు ఇచ్చిన రోజు రాలేదు. కోత అంటే భయం. మళ్ళీ పరీక్ష అని యోహాను ఫోన్ చేస్తే మాత్రం ఉతికిన ధోవతి కట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు.

ఎందుకొచ్చేవాడంటే చెప్తాను. యూనిట్‌లో అతన్ని ఓ, ఏయ్ అని పిలిచేవాళ్ళు. ఇక్కడ తెల్లకోట్ల పిల్లలు వరసగా వచ్చి నమస్తే పెట్టి, "తాతా, మిమ్మల్ని పరీక్ష చెయ్యొచ్చా?" అని అనుమతి అడిగేవాళ్ళు. అడగకపోతే మార్కులు పోతాయి కాబట్టి అడిగేవాళ్ళు. ఆ సంగతి హన్మయ్యకు తెలియదు, తెలిసినా ఏమీ అనుకునేవాడు కాదు. "చెయ్యి బిడ్డా" అని నవ్వేవాడు.

వచ్చి వచ్చి పాఠమంతా నేర్చుకున్నాడు. ముందు నిలబెట్టాలి, దగ్గించాలి, ఉబ్బు చేతికి కొట్టుకుంటుందా చూడాలి. తర్వాత పడుకోబెట్టి లోపలికి నెట్టాలి. నెట్టాక ఎక్కడ వేలు నొక్కి మళ్ళీ దగ్గించాలో కూడా తెలుసు. ఏ పిల్లవాడైనా మధ్యలో మెట్టు మరిచిపోతే హన్మయ్య తనంతట తనే లేచి నిలబడేవాడు, లేదంటే ఊరికే దగ్గేవాడు. అప్పటికీ అందకపోతే పెదవులు కదపకుండా చెప్పేవాడు. "కుడిపక్క. ఇన్‌డైరెక్టు. లోపలికి పోతది." ఏ పక్క, ఏ రకం, లోపలికి పోతుందా లేదా, ఆ మూడు మాటలు సీనియర్ల నుంచి జూనియర్లకు హాస్టల్ గదుల్లో దిగిపోయాయి. పరీక్షలో హన్మయ్యది పద్నాలుగో మంచం, అది పడితే అదృష్టమనుకునేవాళ్ళు. మంచం మీద మనిషి ఎప్పుడూ అతనే, జవాబు ఎప్పుడూ అదే.

పదేళ్ళ కిందట నా పరీక్షలో నాకూ పద్నాలుగో మంచమే పడింది.

చదువులో నేను ఎవరికీ తీసిపోను. కానీ ఆ పూట దుప్పటి ముందు నిలబడి చేతులు చల్లబడిపోయాయి. తాత వయసు మగమనిషి, గజ్జల్లో చెయ్యి పెట్టి చూడాలి, ఎగ్జామినర్లు ఇద్దరు రావడానికి ఇంకా పదిహేను నిమిషాలే ఉంది. వార్డులో ఎన్నిసార్లు చూసినా మగపిల్లల వెనక నిలబడి చూసినదాన్నే. చేతులు కట్టుకుని అలాగే ఉండిపోయాను. ఫెయిలైతే అయ్యాను అనుకున్నాను కూడా.

"పేరేంది బిడ్డా?" అన్నాడు హన్మయ్య.

"తరన్నుమ్."

"యాడ మీది?"

"తాండూరే."

"అరె, మన పోరివే. గట్లయితే భయమెందుకు? నీ తాత అనుకో." మెల్లగా చెప్పాడు. "ముందుగాల చెయ్యి రుద్దుకో. సల్లటి చెయ్యి పెడితే కడుపు గట్టిపడ్తది, ఏం తెల్వది. వెచ్చగైనంక పెట్టు. ఊకె పైపైన ఆనిస్తే గాదు, మంచిగ పెట్టి సూడు."

రుద్దుకున్నాను. పెట్టాను. అతను దగ్గాడు. లోపలి నుంచి పేగు వచ్చి నా అరచేతికి కొట్టుకుంది. పుస్తకంలో పదిసార్లు చదివినది అప్పుడు అర్థమైంది. ఆ రోజు హన్మయ్య నాకు జవాబు చెప్పలేదు, చెయ్యి పెట్టమన్నాడు. సర్జన్ కావాలని నేను అనుకున్నది ఆ మంచం దగ్గరే.

పై చదువు హైదరాబాద్‌లో చేసి రెండేళ్ళ కిందట మళ్ళీ మా కాలేజీకే పాఠాలు చెప్పడానికి వచ్చాను. మొదటి పరీక్షల రోజు వార్డులో అడుగుపెట్టానో లేదో పద్నాలుగో మంచం మీద నుంచి కేక.

"ఏ, తాండూరు బిడ్డ! గీ మేడంను నేనే పాస్ చేసిన, తెల్సా?"

చుట్టూ పిల్లలు నవ్వారు. గద్దించాను. లోపల మాత్రం సంతోషంగానే ఉంది. మనిషి చిక్కిపోయాడు. దగ్గు పెరిగింది. నిమ్మకాయంత ఉబ్బు కొబ్బరికాయంత అయింది. ఎన్నాళ్ళు ఆపుతారండీ దీన్ని అని మా వాళ్ళ మీద లేచాను. లేచి, మరిచిపోయాను. వార్డులో పని అలాంటిది అని సాకు చెప్పొచ్చు. చెప్పను.

పోయిన అక్టోబర్‌లో తప్పినవాళ్ళ పరీక్షలకు హన్మయ్య వెంట పద్మమ్మ కూడా వచ్చింది. అతని భార్య. పప్పు మిల్లులో కందులు చెరిగే పని. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా వరండాలో కూర్చుని, నేను బయటికి రాగానే దారికి అడ్డంగా నిలబడింది.

"నువ్వేనా తాండూరు డాక్టరమ్మవు? ఇంటికొచ్చి ఒకటే చెప్తడు. ఇయ్యాల ఆరుగురు డాక్టర్లు చెయ్యి పెట్టి సూసిన్రు, ఇయ్యాల ఎనిమిది మంది సూసిన్రు అని. అదేదో బహుమానమొచ్చినట్టు లెక్కజెప్తడు. గంతమంది సూసినా గడ్డ గాడనే ఉందాయె. ఎన్నడు తీస్తరమ్మా?"

హన్మయ్య వెనక నుంచి, "నువ్వూకో. మేడంకు తెల్వదా?" అన్నాడు.

"ఊకోను. రెండుసార్లు ఇర్కపట్టింది, చెప్పిండా నీకు? లోపలికి పోనే లేదు. గోడకు కాళ్ళు పెట్టి పండుకోవెట్టి, నేను గంటసేపు ఒత్తితే పోయింది."

ఒకసారి ఇరుక్కున్న హెర్నియా మళ్ళీ ఇరుక్కుంటుంది. ఇరుక్కుని మళ్ళీ లోపలికి పోకపోతే పేగుకు రక్తం ఆగిపోతుంది, గంటల్లో కుళ్ళిపోతుంది. ఇది నేను ప్రతి ఏడూ పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠం. ఆ రోజే అతన్ని చేర్చుకుని ఉండాల్సింది.

చేర్చుకోలేదు. ఫిబ్రవరిలో పెద్ద పరీక్షలు. వచ్చే ఎగ్జామినర్ కఠినమైన మనిషని పేరు. మా దగ్గర ఇంకో మంచి హెర్నియా లేదు. ఇంతకంటే పెద్ద కారణమేదో ఉందని చెప్పుకోవాలని ఉంది గానీ లేదు.

"ఫిబ్రవరిలో పరీక్షలు కాంగనే చేస్తం పద్మమ్మా. ఆ వారమే. నేనే చేస్త" అన్నాను.

"మాట?"

"మాట."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది. ఈలోగా ఇరుక్కుంటే ఆగకుండా దగ్గర్లో ఉన్న దవాఖానకు పొమ్మని ఇద్దరికీ చెప్పాను. చెప్పానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఫిబ్రవరిలో పరీక్షలు సోమవారం మొదలు. ఆదివారం సాయంత్రం హన్మయ్యకు ఇరుక్కుంది. ఇది తర్వాత పద్మమ్మ చెప్పింది. గోడకు కాళ్ళు పెట్టించిందట, ఒత్తిందట, నూనె రాసిందట. కదల్లేదు. తాండూరులోనే దవాఖానకు పోదాం లెమ్మని బతిమాలిందట. అతను ససేమిరా అన్నాడట.

"ఈడికి పోతే ఈడనే కోస్తరు. పొద్దుగాల నేను లేకుంటే పిల్లలు ఎవర్ని సూస్తరు? తెల్లారితే ఎట్లాగు గాడికే పోవుడాయె. డాక్టర్లందరు గాడనే ఉంటరు. పరీక్ష కాంగనే మేడంకు చెప్త, మాపటికి కోసేస్తది. మాటిచ్చింది గదా."

ఆలోచిస్తే అందులో తప్పేముంది? డాక్టర్లందరూ ఒక్కచోట ఉండేది ఆ పరీక్షల రోజుల్లోనే.

తెల్లవారి మొదటి బస్సుకు వచ్చాడు. టిఫిన్ ముట్టలేదు. యోహాను అడిగితే ఉపవాసమన్నాడట. పద్నాలుగో మంచం ఎక్కి దుప్పటి ఛాతీ దాకా కప్పుకున్నాడు. ఆ పూట అతను ఇద్దరికి పడ్డాడు. ముందు మహిధర్ అనే పిల్లవాడికి. వాడికి మరో మంచం దగ్గర టైమంతా అయిపోయింది. జవాబు తెలిసిందే కదా అని పరుగున వచ్చి, మనిషిని ముట్టకుండానే కాగితం నింపుకుని పోయాడు. వాడి వైవా ఇంకొకరు చూశారు. రెండోసారి నిరోషాకు.

నిరోషా బషీరాబాద్ వైపు పిల్ల. తెలివైనది, పిరికిది. ఆ పిల్ల నిలబడ్డ తీరు చూస్తే నాకు నేనే కనపడ్డాను. తర్వాత ఆమె చెప్పిన దాని ప్రకారం, దుప్పటి తియ్యబోతే హన్మయ్య అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. రాస్కో. కుడిపక్క. ఇన్‌డైరెక్టు. లోపలికి పోతది. దగ్గితే చేతికి తగుల్తది. గంతే, రాస్కో."

చెయ్యి పెడితే నొప్పికి అరుస్తాడు. అరిస్తే పరీక్ష ఆగిపోతుంది, పిల్ల ఏం చెప్పాలో తెలియక ఫెయిలవుతుందని అతని భయం. పన్నెండేళ్ళుగా ఉన్న జవాబు ఒక్కరాత్రిలో మారిపోయిందని ఆ పిల్లకు తెలియదు కదా. అందుకని పాత జవాబే చెప్పాడు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, నేను మంచం దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది. నిరోషా గడగడా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు.

"దగ్గించి చూపించమ్మా" అన్నాను.

హన్మయ్య పడుకునే దగ్గాడు. చిన్న దగ్గు. నిరోషా చెయ్యి దుప్పటి మీద ఆనీ ఆననట్టు ఉంది.

"చేతికి తగులుతుంది మేడం."

తగల్లేదు. ఆ చెయ్యి ఒంటికే తగల్లేదు. నేను చూశాను. చూశానని ఇక్కడ రాయడం కష్టంగా ఉంది గానీ చూశాను. ఇంకెవరైనా అయితే కాగితం మొహాన కొట్టేదాన్ని. పదేళ్ళ కిందటి నా చేతులు గుర్తొచ్చాయి. పోనీలే పాపం, ఆడపిల్ల, తెలిసిన జవాబే కదా అనుకున్నాను. నేనైనా దుప్పటి తియ్యొచ్చు, తియ్యలేదు. హన్మయ్య నుదుటి మీద చెమట కూడా చూశాను. ఫిబ్రవరిలో అంత చెమటేమిటని అడగాల్సింది పోయి, యోహానును పిలిచి ఫ్యాన్ పెంచమన్నాను.

హన్మయ్య నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వి పదిహేనో మంచానికి వెళ్ళిపోయాను.

ఒంటిగంటన్నరకు మార్కుల కాగితాల మీద సంతకాలు పెట్టి కవరు అంటించాం. రెండింటికి యోహాను పరుగెత్తుకొచ్చాడు. హన్మయ్య వాంతులు చేసుకుంటున్నాడు, పచ్చగా.

అప్పుడు దుప్పటి తీశాను. అప్పుడు చెయ్యి పెట్టాను. బండలాగా ఉంది. పైన చర్మం ఎర్రబారి కాలుతోంది. వేలు ఆనగానే మనిషి మెలికలు తిరిగాడు.

"ఎప్పటి నుంచి హన్మయ్యా?"

"నిన్న మాపటి నుంచి."

"చెప్పొద్దా? పొద్దున్నుంచి ఈడనే ఉంటివి, చెప్పొద్దా!" నా గొంతు వార్డంతా వినపడింది.

"పరీక్ష అయినంక చెప్దమనుకున్న" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకుని, "గా బిడ్డకు మార్కులు తగ్గియ్యకు మేడం. సూస్తనన్నది. నేనే వద్దన్న" అన్నాడు.

గంటలోపల థియేటర్‌కు తీసుకుపోయాం. కడుపు తెరిస్తే జానెడు పేగు నల్లబడిపోయి ఉంది. కోసి తీసేశాను, మంచి కొసలు రెండూ కలిపి కుట్టాను. అంత బాగా నేను ఎప్పుడూ కుట్టలేదు. పొద్దున తొమ్మిదికి దుప్పటి తీసి ఉంటే ఆ పేగు బతికేదా? తెలియదు. ఐదు గంటలు తక్కువయ్యేవి, అంతవరకు తెలుసు.

పద్మమ్మ సాయంత్రం రైలుకు వచ్చింది. ఐసీయూ బయట గోడకు ఆనుకుని కూర్చుంది. ముప్పై ఐదేళ్ళ బండల దుమ్ము నిండిన ఛాతీ అది. మత్తు నుంచి పూర్తిగా తేలనేలేదు, మిషను మీదనే ఊపిరి. విషం ఒంటికి పాకింది. బుధవారం మధ్యాహ్నం హన్మయ్య పోయాడు.

గురువారం నిరోషా నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"మేడం, నేను చెయ్యి పెట్టలేదు. పెట్టకుండనే చెప్పిన."

"తెలుసు."

"నన్ను ఫెయిల్ చెయ్యండి మేడం."

కవరు యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. వెళ్ళకపోయినా ఆ పిల్లను ఒక్కదాన్నే ఫెయిల్ చేసే మొహం నాకు లేదు. రమ్మని పిలిచి కూర్చోబెట్టాను. తిట్టడం వచ్చినంత బాగా ఓదార్చడం నాకు రాదు. పోయేటప్పుడు చెప్పాను, ఆ జవాబు తెలుసు కాబట్టి నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు, ఎవరి తప్పు ఎంతని తూకం వెయ్యకు అని. ఫలితాలు వచ్చాయి, పాసైంది. మహిధర్ కూడా పాసయ్యాడు.

జరిగిందంతా డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చెప్పాను. ఆపరేషన్ చెయ్యాల్సిన మనిషిని పరీక్ష కోసం ఆపడానికి వీల్లేదని గొడవపడ్డాను. ఒకరిద్దరు తల దించుకున్నారు. ఒకాయన, మరి కేసులెక్కడి నుంచి తేవాలమ్మా అని మెల్లగా అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను అక్టోబర్‌లో అనుకున్నదే ఆయన అడిగాడు. యోహాను పుస్తకంలోంచి ఆరుగురిని పిలిపించి ఆ నెలలోనే ఆపరేషన్లు చేశాం. కాలు నరాల మల్లయ్య ఇంటికి పోతూ, "ఇగ నన్ను పరీక్షలకు పిలువరా?" అని అడిగాడు. ఆ గొంతులో దిగులు నాకు బాగా తెలిసిన దిగులే.

దినాలైన నాలుగు రోజులకు తాండూరు వెళ్ళాను. అబ్బా తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. రైల్వే గేటు అవతల యూనిట్ల వెనక రేకుల ఇల్లు. విరిగిన బండ ముక్కలు ఏరి అతనే వేసుకున్న గచ్చు. ఒక్క ముక్కకు ఇంకో ముక్క కొలత కుదరదు గానీ ఎక్కడా కాలికి తగలకుండా సాపుగా ఉంది. పద్మమ్మ చాప వేసింది. నేను గచ్చు మీదనే కూర్చున్నాను.

తప్పు ఒప్పుకోవాలని పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె చాయ్ తెచ్చి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

నేను మొదలుపెట్టేలోపే ఆమే అడిగింది.

"పరీక్ష దినం ఇంటికొస్తే ముందుగాల గదే చెప్తుండె. ఇయ్యాల గింతమంది సూసిన్రు అని. ఈసారి చెప్పకుండనే పాయె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా దినం ఎందరు చెయ్యి పెట్టి సూసిన్రమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇద్దరని చెప్పొచ్చు, ముగ్గురని చెప్పొచ్చు. ఆమెకు కాస్త ఊరటగా ఉండేది.

"ఒక్కరు కూడా పెట్టలే పద్మమ్మా" అన్నాను. "నేను కూడా పెట్టలే. అంత అయిపోయినంక పెట్టిన."

ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. అర్థం కానట్టు నా చేతుల వైపు చూసింది.

"మరి పన్నెండేండ్లు మీకు ఏం నేర్పినట్టమ్మా ఆయన?" అని అడిగింది.

చాయ్ చల్లారిపోయింది. గ్లాసు పక్కకు జరిపి లేచి వచ్చేశాను.